కొత్త చిన్న విమానాల తయారీ మళ్ళీ మొదలైతే పాతవాటి రేటు ఎలా లెక్కేసుకోవాలి

"అన్నా, కొత్తవి మళ్ళీ తయారవుతున్నాయంట కదా, ఇంకో ఏడాది ఆగితే పాత సెస్నాలు సగం రేటుకి దొరుకుతాయా?" బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ వైపు తిరిగే మన తెలుగు పిల్లలు, ఫ్లైయింగ్ స్కూల్ పెడదామని డబ్బులు పోగేసుకుంటున్న వాళ్ళు, నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక విమానం కొందామనుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, అందరూ అమెరికా కంపెనీ సెస్నా చేసే చిన్న విమానాల గురించి అడిగేది ఇదే. నా సమాధానం ఒకటే, సగం రేటుకి రావు, చాలా వరకు అసలు తగ్గవు, కొన్నిసార్లు పెరుగుతాయి కూడా. ఎందుకో, మీరు చూసిన విమానం విషయంలో ఏం జరుగుతుందో మీరే ఎలా తేల్చుకోవాలో వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఈ ఒక్క లెక్క తప్పితే పోయేది లక్షల్లో కాదు, కొందరికి స్కూలే పోతుంది.

ముందు ఒకసారి నిజంగా జరిగింది చూద్దాం. అమెరికాలో 1978లో అన్ని రకాలూ కలిపి 17,811 చిన్న విమానాలు ఫ్యాక్టరీల నుంచి బయటకొచ్చాయి. 1994కి వచ్చేసరికి ఆ లెక్క 928. మధ్యలో ఏమైందంటే ఖర్చులు పెరిగాయి, కొనేవాళ్ళు తగ్గారు, అన్నిటికీ మించి ఎప్పుడో ముప్పై ఏళ్ళ కింద తయారైన విమానం కూలినా కంపెనీ మీద కేసు వేసే పరిస్థితి, దాంతో ఇన్సూరెన్స్ ఖర్చు ప్రతి కొత్త విమానం రేట్లోకీ ఎక్కేది. సెస్నా 1986లో పిస్టన్ సింగిల్స్ (ఒకే పిస్టన్ ఇంజిన్ ఉన్న విమానాలు) తయారీ మొత్తం ఆపేసింది. ఇంకో చిన్న విమానాల కంపెనీ పైపర్ 1991లో దివాలా తీసింది. 1994 ఆగస్టు 17న అధ్యక్షుడు క్లింటన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు, విమానం తయారై 18 ఏళ్ళు దాటితే తయారీదారు మీద కేసులు చాలావరకు చెల్లవని. సెస్నా ఛైర్మన్ రస్ మేయర్ ఆ చట్టం వస్తే తయారీ మళ్ళీ మొదలుపెడతానని ముందే మాటిచ్చాడు, మాట నిలబెట్టుకున్నాడు, కాన్సస్‌లోని ఇండిపెండెన్స్ ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ కట్టి 1996లో లైన్ స్టార్ట్ చేశారు, 1997లో నాలుగు సీట్ల 172కి కొత్త మోడల్ అయిన 172ఆర్‌లు కస్టమర్ల చేతికి వెళ్ళాయి.

ఇప్పుడు అసలు పాయింట్. పదేళ్ళ పాటు కొత్త 172 అనేదే లేదు, ఉన్నవాటితోనే ఫ్లైయింగ్ క్లబ్బులు నడిచాయి. మళ్ళీ కొత్తది వస్తే పాతవి పడిపోవాలి కదా? కానీ కొత్త 172ఆర్ ధర దాదాపు లక్షా పాతిక వేల డాలర్లు పెట్టారు. పాత 172 కొనుక్కుందామని అందులో చిన్న భాగం డబ్బు పట్టుకుని తిరిగేవాడికి ఆ కొత్తది ఎప్పటికీ అందదు. అంటే కొత్తది వచ్చి పాతదాని కస్టమర్‌ని లాక్కోలేదు, పైగా పాతది అమ్మేవాడికి చూపించుకోడానికి ఒక పెద్ద నంబర్ దొరికింది, "కొత్తది అంత, నాది ఇంతే కదా" అని.

మన మైసూరు జావా, యెజ్డీ గుర్తు చేసుకోండి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది, 2018లో జావా పేరుతో కొత్త బళ్ళు మళ్ళీ వచ్చాయి. బెంగళూరులో పాత యెజ్డీ ఉన్నవాడు ఎవడైనా భయపడి చవగ్గా అమ్మేసుకున్నాడా? కొత్త బండి రోడ్డు మీద కనిపించేకొద్దీ పాతదాన్ని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

కాబట్టి "తయారీ మళ్ళీ మొదలైంది" అన్న వార్త చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ వార్తని మూడు ప్రశ్నలుగా విడగొట్టాలి. కొత్తది మీ దగ్గరికి చేరేసరికి ఎంత పడుతుంది, ఏడాదికి ఎన్ని వస్తాయి, మీరు కొనే పాతది చేసే పని కొత్తది చేస్తుందా. ఈ మూడిట్లో ఒక్కటి తేడా ఉన్నా పాత రేటు కదలదు.

మొదటి ప్రశ్న ధర. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది అమెరికా వెబ్‌సైట్‌లో కనిపించిన డాలర్ రేటుని రూపాయల్లోకి మార్చేసి అదే ధర అనుకోవడం. అది కాదు. విమానాన్ని విప్పి కంటైనర్లో పెట్టి తేవడమో లేక ఫెర్రీ పైలట్‌తో ఎగరేసుకుని రావడమో, ఇన్సూరెన్స్, కస్టమ్స్, జీఎస్‌టీ, ఇక్కడ మళ్ళీ అసెంబ్లీ, వీటీ రిజిస్ట్రేషన్ (మన దేశ విమానాల నంబర్ వీటీతో మొదలవుతుంది), ఎగరడానికి తగినదన్న ఎయిర్‌వర్దినెస్ పేపర్లు, అవన్నీ అయ్యేదాకా హ్యాంగర్ అద్దె. ఇవన్నీ కలిపితే వచ్చేదే కొత్తదాని అసలు ధర, ఇక్కడి పాతదానికి పై హద్దు అదే. టాక్స్ ఒక్కటే ఎంత తేడా తెస్తుందో చూడండి, శిక్షణ లాంటి పనికి తెచ్చే విమానానికి జీఎస్‌టీ 5 శాతం, అదే సొంత వాడకానికైతే 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం, అంతకు ముందు 28 శాతంతో పాటు 3 శాతం సెస్. అంటే ఒకే విమానం, ఒకే ఫ్యాక్టరీ, కానీ స్కూల్ నడిపేవాడికి ఒక పై హద్దు, శనాదివారాలు సరదాగా ఎగురుదామనుకునే వాడికి ఇంకో పై హద్దు. అందుకే ఇప్పటికే వీటీ నంబర్ ఉండి, టాక్సులు ఎప్పుడో కట్టేసి, పేపర్లు క్లియర్‌గా ఉన్న పాత నాలుగు సీట్ల విమానాన్ని సొంతానికి కొనుక్కునేవాడు ఎక్కువిచ్చి తీసుకుంటాడు. మొదటిసారి ఏ పనికని ఇంపోర్ట్ చేశారో, ఏ రాయితీ కింద తెచ్చారో, ఆ షరతులు ఇంకా ఉన్నాయో లేదో మాత్రం కస్టమ్స్ పేపర్లు అడిగి చూడండి, ఇది అడగటానికి మొహమాటపడొద్దు.

డాలర్ లెక్కలోనే చూసినా 172ఆర్ తర్వాత వచ్చిన మోడల్ 172ఎస్ కొత్తది ఇప్పుడు 4 లక్షల డాలర్లు దాటిపోయింది. 1997 నుంచి తయారీ ఆగకుండా నడుస్తున్నా ధర తగ్గడం అటుంచి, మూడింతలు దాటింది. తయారీ మొదలైతే చవకవుతుంది అనే ఆశకి ఇంతకన్నా సూటి సమాధానం లేదు. కార్లలాగా లక్షల్లో తయారయ్యే వస్తువు కాదిది, చేత్తో రివెట్లు కొట్టే పని, కొద్ది సంఖ్యలో తయారీ, ప్రతి నట్టుకీ కాగితం.

రెండో ప్రశ్న సంఖ్య. 172లు ఇప్పటిదాకా 44 వేలకి పైగా తయారయ్యాయి, ఇంత పెద్ద గుంపులోకి ఏడాదికి కొన్ని వందలు చేరితే పాత రేటు మీద దాని ఒత్తిడి ఎంత ఉంటుందో ఆలోచించండి. అమెరికాలో తయారీ మళ్ళీ మొదలయ్యాక కూడా 1978 స్థాయికి ఎన్నడూ చేరలేదు. ఆ కొత్తవాటిలో కూడా పెద్ద పెద్ద స్కూళ్ళు గంపగుత్తగా బుక్ చేసుకునేవే ఎక్కువ. మన దగ్గరే చూడండి, ఎయిర్ ఇండియా మహారాష్ట్ర అమరావతిలోని తన అకాడమీ కోసం ఒకేసారి 34 శిక్షణ విమానాలు (ట్రైనర్లు) ఆర్డర్ పెట్టింది, 31 పైపర్ ఆర్చర్ డీఎక్స్‌లు, 3 డైమండ్ డీఏ42లు. అలాంటి ఆర్డర్ల వెనక లైన్లో ఒక్క విమానం కావాలని మీరు నిలబడితే మీ వంతు ఎప్పుడొస్తుంది? డెలివరీ కోసం ఎంత ఎక్కువ కాలం ఆగాల్సొస్తే, రేపే ఎగరగలిగే పాతదానికి అంత విలువ. 2020 తర్వాత రెండు మూడేళ్ళు ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నా సెకండ్‌హ్యాండ్ రేట్లు ఎగబాకింది కొంత ఇందుకే.

అందుకే డీలర్ దగ్గర ధర అడిగేటప్పుడు దాంతోపాటే డెలివరీ నెల కూడా రాతపూర్వకంగా అడగండి. ఆ నెల దాకా మీకు విమానం లేకపోతే పోయేదెంతో పక్కన రాసుకోండి. ఉదాహరణకి మీ స్కూల్లో ఒక ట్రైనర్ నెలకి 50 గంటలు ఎగురుతుంది అనుకుందాం, ఖర్చులన్నీ పోను గంటకి 3 వేలు మిగులుతుంది అనుకుందాం, ఏడాది ఆగితే 600 గంటలు, 18 లక్షలు. పాతది ఏడాదిలో 18 లక్షలకన్నా ఎక్కువ తగ్గుతుందని గట్టి కారణం చూపించగలిగితేనే ఆగండి. మీ అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కొత్తది మీ పాతదానికి బదులు అవుతుందా. ఇక్కడ మన దేశానికి మాత్రమే ఉన్న ఒక సంగతి ఉంది. పాత విమానాలు ఇంపోర్ట్ చేసుకోడానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వయసు చూస్తుంది, ప్రెషరైజ్ కాని (లోపల గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు లేని) చిన్న విమానాల విషయంలో ఒక్కో కేసు విడిగా రికార్డులు చూసి నిర్ణయిస్తారు గానీ 20 ఏళ్ళు దాటినవాటిని మామూలుగా రానివ్వరు. దీని అర్థం ఏంటంటే అమెరికాలో చవగ్గా కనిపించే 1975, 1979 మోడల్ 172లు మనకి లేనట్టే, వాటి రేటు చూసి ఇక్కడ బేరమాడటం దండగ. ఇంకోలా చెప్తే సెస్నా 1996లో తయారీ మళ్ళీ మొదలుపెట్టకపోయి ఉంటే మనం ఈరోజు ఇంపోర్ట్ చేసుకోగలిగిన పాత 172 ఒక్కటి కూడా ఉండేది కాదు. మనకి తయారీ మళ్ళీ మొదలవ్వడం వల్ల వచ్చిన నిజమైన లాభం ఇది, రేటు తగ్గడం కాదు, పదిహేనేళ్ళ తర్వాత సరుకు దొరకడం. ఈరోజు ఎవరైనా లైన్ మొదలుపెడితే దాని సెకండ్‌హ్యాండ్ ఫలం మనకి చేరేది కూడా ఆ లెక్కలోనే.

అదే రెండు సీట్ల సెస్నా 152 సంగతి చూడండి. 1985తో ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టలేదు. 172, 182, 206 తిరిగొచ్చాయి గానీ 152 రాలేదు. కాబట్టి బయట నుంచి ఇంకో 152 మన దేశంలోకి రావడం దాదాపు జరగని పని, ఇప్పటికే వీటీ నంబర్‌తో ఉన్నవే అటూ ఇటూ చేతులు మారాలి. అలాంటి దాని రేటు 172ల తయారీ ఎంత పెరిగినా పెద్దగా తగ్గదు, ఎందుకంటే రెండు సీట్ల దానికి పోటీ రెండు సీట్లదే. గంటకి 22, 24 లీటర్ల అవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్)తో స్టూడెంట్‌కి సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) కొట్టించే పనిని ఎక్కువ ఇంధనం తాగే 172తో చేయిస్తే ఖర్చు స్టూడెంట్ మీదే పడుతుంది.

వయసు హద్దు దగ్గరున్న విమానం విషయంలో ఒక జాగ్రత్త. బయటి దేశంలో 18, 19 ఏళ్ళ 172ఎస్ మంచి రేటుకి కనిపిస్తుంది, ఆశపడి టోకెన్ పంపేస్తారు, ఇక్కడ అనుమతుల్లో నెలలు గడిచేసరికి వయసు దాటిపోతుంది. అనుమతి సంగతి, ఇప్పుడు అమల్లో ఉన్న రూల్ కాపీతో సహా, మీ విమానం నిర్వహణ పేపర్లు చూసే సంస్థ (కామో) వాళ్ళతో తేల్చుకున్నాకే డబ్బు కదపండి. ఒకసారి వీటీ నంబర్ పడ్డాక ఈ ఇంపోర్ట్ వయసు గొడవ ఉండదు, కాబట్టి హద్దు దాటకముందు లోపలికొచ్చిన విమానానికి ఇక్కడ విలువ నిలబడుతుంది.

మరి తగ్గేవి ఏవి?

తగ్గేవి ఉన్నాయి, అవి కొత్తదానికి పోలికలో, ధరలో బాగా దగ్గరగా ఉన్నవి. రెండేళ్ళ, నాలుగేళ్ళ వయసున్న విమానం, అదే ఇంజిన్, అదే ప్యానెల్, కొత్తదానికన్నా కొంచెమే తక్కువ చెప్తున్నాడు, అలాంటి చోట కొత్తది వెంటనే దొరకడం మొదలైతే దెబ్బ మొదట దానికే తగులుతుంది. ఆ దెబ్బ కిందికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. పాతికేళ్ళ విమానం దగ్గరికొచ్చేసరికి దాని రేటు నిర్ణయించేది ఫ్యాక్టరీ కాదు, ఇంజిన్‌లో మిగిలిన గంటలు.

ఇంకోటి కాక్‌పిట్ ప్యానెల్. 172లకి 2005 ప్రాంతం నుంచి గార్మిన్ జీ1000 అనే స్క్రీన్ల ప్యానెల్ వచ్చింది, తర్వాత 2017లో దాని కొత్త తరం ఎన్‌ఎక్స్‌ఐ వచ్చింది. కొత్త విమానాలన్నీ స్క్రీన్లతో వస్తుంటే పాత గుండ్రటి మీటర్ల విమానం వెనకబడుతుంది అనుకుంటాం. స్కూళ్ళ విషయంలో అది నిజం, రేపు ఎయిర్‌లైన్స్‌కి వెళ్ళే స్టూడెంట్ స్క్రీన్ల మీదే నేర్చుకోవాలనుకుంటాడు. కానీ సొంతానికి కొనేవాడికి పాత మీటర్లు బాగుచేయించుకోవడం తేలిక, తొలి తరం జీ1000 స్క్రీన్ పోతే వచ్చే బిల్లు తేలిక కాదు. తొలి జీ1000 విమానాలే కొత్తవాటి వల్ల ఎక్కువ వయసైపోయినట్టు కనిపిస్తాయి, కొనేవాళ్ళు అక్కడ గట్టిగా బేరమాడొచ్చు.

బెంగళూరువాళ్ళకి విడిగా చెప్పాల్సిన మాట ఎత్తు గురించి. ఇక్కడ నేలే సముద్ర మట్టానికి దాదాపు 3 వేల అడుగుల మీద ఉంది, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో గాలి ఇంకా పలచగా ఉంటుంది, రన్‌వే పొడుగ్గా లేని చోట నిండా బరువుతో 160 హార్స్‌పవర్ విమానం లేవడానికీ 180 లేవడానికీ తేడా ఒంటికి తెలుస్తుంది. 172ఆర్, 172ఎస్ రెండిట్లోనూ ఉన్నది లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ ఇంజినే, ఆర్‌లో 2,400 ఆర్‌పీఎమ్‌కి కట్టి 160 ఇస్తారు, ఎస్‌లో 2,700కి 180 వస్తుంది, ప్రొపెల్లర్ వేరు. కొత్తగా తయారయ్యేది ఎస్ మాత్రమే కాబట్టి పాత ఆర్ కొత్తదానికి పూర్తి బదులు కాదు, అందుకే రెండిటి రేట్లూ కలిసి కదలవు. సముద్రం పక్కనే ఉండే చెన్నై లాంటి చోట ఎత్తు గొడవ లేదు గానీ ఉప్పు గాలి ఉంది. తయారీ మళ్ళీ మొదలయ్యాక వచ్చిన 172లకి లోపల భాగాలకి కూడా తుప్పు పట్టకుండా ప్రైమర్ వేశారు, 1986కి ముందువాటిలో చాలావాటికి అది లేదు, కాబట్టి తీరప్రాంతంలో ఏళ్ళ తరబడి ఆరుబయట నిలబెట్టిన పాత విమానానికి ఎంత తక్కువ చెప్పినా వింగ్ రూట్ దగ్గర, కార్పెట్ కింద, సీటు పట్టాల చుట్టూ ఇంజినీర్‌తో విప్పించి చూసేదాకా మాట ఇవ్వొద్దు.

తయారీ మొదలైతే పాతది పెరిగే సందర్భం

ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఒక కంపెనీ మూతపడితే దాని పాత విమానాలకి ముందుగా వచ్చే ఇబ్బంది స్పేర్లు. కౌలింగ్, కంట్రోల్ సర్ఫేస్, ల్యాండింగ్ గేర్ ముక్క, ఇలాంటివి ఆ కంపెనీ తప్ప ఎవరూ చెయ్యరు, ఒక్కటి దొరక్కపోతే విమానం నెలల తరబడి నేల మీదే. అప్పుడు కొనేవాడు వెనకాడతాడు, రేటు పడుతుంది. అదే కంపెనీ మళ్ళీ తలుపులు తెరిస్తే స్పేర్లు వస్తాయన్న ధైర్యంతోనే పాతవి నిలదొక్కుకుంటాయి. చిన్న విమానాల కంపెనీ మూనీ కథ ఇదే, టెక్సస్‌లోని కెర్‌విల్‌లో 2008 చివర్లో తయారీ ఆపారు, 2014లో మళ్ళీ మొదలుపెట్టారు, 2019 చివర్లో మళ్ళీ ఆగింది, తర్వాత కొత్త యజమానులు వచ్చి ముఖ్యంగా స్పేర్లు, సపోర్ట్ మీద నడుపుతున్నారు. మూనీ ఉన్నవాడికి కొత్త మూనీ ఎంతకొస్తుందనేది పట్టింపు కాదు, తన దానికి పార్ట్ దొరుకుతుందా లేదా అన్నదే. కాబట్టి ఏ కంపెనీ గురించి వార్త వచ్చినా విమానాల సంఖ్యతో పాటు స్పేర్ల లిస్ట్ గురించి ఏం చెప్పారో చదవండి, పాత మోడల్‌కి, కొత్త మోడల్‌కి కామన్ పార్ట్స్ ఎన్ని ఉన్నాయో మీ ఏఎంఈని (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని) అడగండి. కామన్ పార్ట్స్ ఎక్కువుంటే కొత్త తయారీ పాతదానికి బలం, తక్కువుంటే ఏమీ లాభం లేదు.

మొదలుపెట్టినవి అన్నీ నిలబడవు కూడా. టైగర్ అనే నాలుగు సీట్ల మంచి విమానం 1970ల్లో గ్రమ్మన్ చేసింది, 1990ల మొదట్లో ఇంకో కంపెనీ చేసింది, 2000ల్లో మూడో కంపెనీ చేసింది, మూడుసార్లూ ఆగిపోయింది. సెస్నా అంతటి సంస్థ 152 స్థానంలోకి అని 162 స్కైక్యాచర్ తెచ్చింది, 2007లో ప్రకటించినప్పుడు 1,09,500 డాలర్లు అన్నారు, 2011కి 1,49,900 చేశారు, 2013లో ఆపేశారు, అమ్మింది 192. అమ్ముడుపోని వాటిని చివరికి తుక్కు చేసేశారు. 2007లో ఆ ప్రకటన చూసి భయపడి తన 152ని తక్కువకి వదిలించుకున్నవాడు ఎవరైనా ఉంటే నష్టపోయాడు, 152లు ఈరోజుకీ ఎగురుతున్నాయి. ప్రకటన, ప్రోటోటైప్, సర్టిఫికేట్, మొదటి డెలివరీ, వందో డెలివరీ, ఇవన్నీ వేరు వేరు మెట్లు. వందో డెలివరీ దగ్గరికి రాకముందు పాత రేటుని తాకేంత శక్తి దేనికీ ఉండదు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇక మన ఊరి హంస

బెంగళూరులో కూర్చుని ఈ విషయం మాట్లాడుతూ హంస గురించి మాట్లాడకపోతే ఎలా. ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ వాళ్ళు ఇక్కడే డిజైన్ చేసిన రెండు సీట్ల కాంపోజిట్ ట్రైనర్, మొదటి హంస 1993 నవంబర్‌లో ఎగిరింది, హంస-3కి 2000లో డీజీసీఏ సర్టిఫికేట్ వచ్చింది, కొన్ని తయారై ఫ్లైయింగ్ క్లబ్బులకి వెళ్ళాయి, తర్వాత ఆగిపోయింది. కొత్త తరం హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబర్ 3న ఇక్కడ హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి మొదటిసారి లేచింది, గ్లాస్ కాక్‌పిట్, రోటాక్స్ 912 ఐఎస్‌సీ ఇంజిన్. 2025లో తయారీ లైసెన్స్ ప్రైవేట్ కంపెనీ చేతికి వెళ్ళింది. ఇది నిలబడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా, మన దేశంలో ట్రైనర్ల కోసం ప్రతిసారీ బయటి దేశాల లైన్లలో నిలబడటం ఎన్నాళ్ళు.

దీని ప్రభావం ఎవరి మీద పడుతుందో పైన చెప్పిన మూడు ప్రశ్నలతోనే చూడండి. పని విషయంలో ఇది సూటిగా 152కి బదులు, రెండు సీట్లు, స్టూడెంట్ శిక్షణ, ఇంధనం ఇంకా తక్కువ. ధర విషయంలో ఓడ ఖర్చు, ఇంపోర్ట్ గొడవ లేవు. కాబట్టి ఏడాదికి పదుల్లో వచ్చి స్కూళ్ళ చేతికి చేరడం మొదలైతే మన దేశంలో కొత్త తయారీ వల్ల రేటు నిజంగా తగ్గే మొదటి పాత విమానం 152 అవుతుంది. 172కి మాత్రం దీంతో పెద్దగా సంబంధం లేదు, ఎందుకంటే క్రాస్ కంట్రీకి ఇద్దరు స్టూడెంట్లని ఎక్కించుకెళ్ళాలంటే నాలుగు సీట్లు కావాల్సిందే. మీ దగ్గర 152 ఉంటే ఇప్పుడే కంగారుపడి అమ్మకండి, గమనించాల్సింది ఫోటోలూ ప్రసంగాలూ కాదు, వీటీ నంబర్లు పడి స్కూళ్ళలో రోజూ ఎగురుతున్నవి ఎన్ని, వాటికి స్పేర్లు, ఇంజిన్ సర్వీస్ ఎన్ని రోజుల్లో అందుతున్నాయి. ఇంధనం గురించి ఒక చిన్న మాట, ఈ రోటాక్స్ మామూలు పెట్రోల్‌తో కూడా నడుస్తుంది కదా బంకులో కొట్టించొచ్చు అని లెక్కలేసేవాళ్ళున్నారు, రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ దాకానే, మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం. కాబట్టి అవ్‌గ్యాస్ ఖర్చే రాసుకోండి. అవ్‌గ్యాస్ కూడా 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వాళ్ళు వడోదర దగ్గర గుజరాత్ రిఫైనరీలో చేస్తున్నారు, అంతకు ముందు అంతా బయటి నుంచే వచ్చేది.

చేతిలో ఉన్న విమానానికి లెక్క

ఇప్పుడు ఒక పాత విమానం ముందు నిలబడ్డారు. తయారీ వార్తలన్నీ కాసేపు పక్కనపెట్టి ఇంజిన్ లాగ్‌బుక్ తీయండి. లైకమింగ్ ఐఓ-360కి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచెయ్యడం) గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్ళు, 152లో ఉండే ఓ-235కి 2,400 గంటలు. చాలామంది గంటలు మాత్రమే చూస్తారు, ఏళ్ళు వదిలేస్తారు, పదకొండేళ్ళ కింద ఓవర్‌హాల్ అయ్యి 300 గంటలే తిరిగిన ఇంజిన్ కొత్తది కాదు, నిలబెట్టి తుప్పు పట్టించినది.

ఓవర్‌హాల్‌కి రానుపోను షిప్పింగ్‌తో కలిపి 40 లక్షలు అవుతుంది అనుకుందాం, మీరు నిజమైన కొటేషన్ తెప్పించుకోండి. 2,000 గంటలతో భాగిస్తే గంటకి 2,000 రూపాయలు. సగం వాడిన ఇంజిన్, అంటే 1,000 గంటలు, మామూలు రేటు అనుకుని అక్కడి నుంచి పైకీ కిందికీ కొలవండి. 600 గంటలు తిరిగినదైతే 400 గంటలు లాభం, 8 లక్షలు కలపండి. 1,700 తిరిగినదైతే 700 గంటలు నష్టం, 14 లక్షలు తీసెయ్యండి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు విమానాల మధ్య 22 లక్షల తేడా ఇక్కడే వచ్చింది, ఏ ఫ్యాక్టరీ మొదలైనా ఆగినా ఈ తేడా మారదు. పైగా ఇంజిన్లు, పార్టుల ధరలు పెరిగినప్పుడు కొత్త విమానం ధర ఎలా పెరుగుతుందో ఈ గంట రేటు కూడా అలాగే పెరుగుతుంది, అందుకే తక్కువ గంటల ఇంజిన్ ఉన్న పాతది కొత్తదానితో పాటు పైకి పోతుంది, గడువు దగ్గరపడినది అక్కడే ఉండిపోతుంది.

తర్వాత ఏడీలు, అంటే తప్పనిసరిగా పాటించాల్సిన భద్రతా ఆదేశాలు. సెస్నాలకి సీటు పట్టాల ఏడీ ప్రతి తనిఖీలో చూడాల్సినదే. పైపర్ పీఏ-28లైతే వింగ్ స్పార్ (రెక్క లోపలి దూలం) మీద వచ్చిన ఏడీ కచ్చితంగా అడగండి, 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక ట్రైనింగ్ విమానం రెక్క ఊడి ఇద్దరు చనిపోయాక అది వచ్చింది, శిక్షణలో బాగా నలిగిన విమానాలకి ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు, ప్రాణం సంగతి. ఇలాంటి ఏడీ వచ్చిన రోజు పాతవాటి రేట్లు ఫ్యాక్టరీ మొదలైన రోజు కన్నా ఎక్కువ కదులుతాయి.

డీజిల్ తరహా ఇంజిన్లు, అంటే జెట్ ఫ్యూయల్‌తో నడిచే ఆర్చర్ డీఎక్స్, డీఏ42 లాంటివి, కొంటే ఈ గంటల లెక్క వేరుగా వెయ్యాలి, ఆర్చర్ డీఎక్స్‌లో ఉండే కాంటినెంటల్ ఇంజిన్‌ని గడువయ్యాక ఓవర్‌హాల్ చెయ్యరు, తీసేసి కొత్తది పెడతారు. జెట్ ఫ్యూయల్ చిన్న ఎయిర్‌పోర్టుల్లో కూడా సులువుగా దొరుకుతుంది కాబట్టి వీటికి గిరాకీ పెరుగుతోంది, అవ్‌గ్యాస్ దూరం నుంచి తెప్పించుకునే స్కూళ్ళ పాత విమానాలకి అసలు పోటీ వీటి నుంచే వస్తుందని నా అంచనా.

అమ్మేవాళ్ళకి ఒక మాట. కొత్తవి వస్తున్నాయన్న వార్త పట్టుకుని కొనేవాడు "రేట్లు పడిపోతాయి సార్" అంటూ తగ్గించమంటే, కొత్తదాని డెలివరీ నెల, బెంగళూరు చేరేసరికి అయ్యే ఖర్చు కాగితం మీద చూపించమనండి. చూపించగలిగితే మాట్లాడండి, అతను నిజంగా తెలుసుకుని వచ్చాడు. కొనేవాళ్ళకి, ముందు ఏఆర్‌సీ (ఎగరడానికి తగినదని ఇచ్చే సమీక్ష సర్టిఫికేట్) ఎప్పటిదాకా ఉందో చూడండి, లాగ్‌బుక్‌లు మొదటి పేజీ నుంచి ఉన్నాయో లేదో చూడండి, అమ్మేవాడి ఇంజినీర్ కాకుండా మీరు డబ్బిచ్చి పిలిపించిన ఏఎంఈతో కంప్రెషన్, బోర్‌స్కోప్ పరీక్షలు (ఇంజిన్ లోపలి పరిస్థితి చూడటం) చేయించండి. అగ్రిమెంట్‌లో ఒక షరతు రాయించుకోండి, తనిఖీలో బయటపడిన పనికి ఒప్పుకున్న మొత్తం దాటి ఖర్చైతే టోకెన్ పూర్తిగా వెనక్కి వచ్చేలా. ఆ షరతుకి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర్నుంచి మాత్రం కొనొద్దు, రేటు ఎంత తక్కువ చెప్పినా.